పదమూడేళ్ళకి ఒకటి, ఏడాదికి అయిదు

అమెరికన్ రాక్ బ్యాండు గన్స్ ఎన్ రోజెస్ వాళ్ళ ‘చైనీస్ డెమోక్రసీ’ ఆల్బమ్‌ని వినకుండానే చెత్త అని కొట్టిపారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విని తిట్టండి, అడ్డం రాను. 1991 సెప్టెంబర్ 17న ‘యూజ్ యువర్ ఇల్యూజన్’ రెండు భాగాలనీ ఒకే రోజు వదిలిన బ్యాండు అది. మధ్యలో వేరేవాళ్ళ పాటలతో ఒక ఆల్బమ్ చేశారు. సొంత పాటల ఆల్బమ్‌తో మళ్ళీ మొహం చూపించింది 2008 నవంబర్ 23న. ఈలోపు గిటార్ వాయించే స్లాష్ వెళ్ళిపోయాడు, బేస్ వాయించే డఫ్ వెళ్ళిపోయాడు. పాత జట్టులో పాడే యాక్సల్ రోజ్, కీబోర్డు వాయించే డిజ్జీ రీడ్ తప్ప ఎవరూ మిగల్లేదు. ఖర్చు కోటీ ముప్ఫై లక్షల డాలర్లు దాటిందని 2005లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆల్బమ్ జాడ అప్పటికింకా లేదు. 2008లో గనక ఇది బయటికొస్తే అమెరికాలో అందరికీ తలో డాక్టర్ పెప్పర్ ఉచితంగా ఇస్తామని ఆ కూల్‌డ్రింక్ కంపెనీవాళ్ళు ప్రకటించారు, అదీ బ్యాండు వదిలిపోయిన గిటారిస్టులు స్లాష్‌కీ బకెట్‌హెడ్‌కీ తప్ప! రాదులే అన్న ధీమా.

వచ్చింది. విన్నాను. అయిదుగురు గిటారిస్టులు వేర్వేరు కాలాల్లో వాయించినవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చారు. నాలుగు పెళ్ళిళ్ళ వంటలు ఒకే విస్తట్లో వడ్డించినట్టుంటుంది. కానీ ‘దేర్ వజ్ ఎ టైమ్’ చివర్లో బకెట్‌హెడ్ సోలో ఉంది చూడండి, దానికోసమైనా ఆ ఆల్బమ్‌ని నేను వెనకేసుకొస్తాను.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, మొన్న మా పిన్ని కొడుకుతో ఫోన్లో పెద్ద వాదన జరిగింది. వాడుండేది మెల్‌బోర్న్‌లో. “అక్కా, నీకు నచ్చే బ్యాండ్లన్నీ బద్ధకపు బ్యాండ్లు” అన్నాడు. నిజం చెప్పాలంటే వాడి మాట తీసిపారేసేది కాదు. నాకిష్టమైనవాళ్ళు ఒక్కో ఆల్బమ్‌కీ ఒక్కో యుగం తీసుకుంటారు. పాతకాలంలో ఇలా లేదు. బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌ని దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసేశారు. అది 1970 ఫిబ్రవరి 13న వచ్చింది, అదే సెప్టెంబర్‌లో ‘పారనాయిడ్’ వచ్చింది. ఆల్బమ్ నిడివికి ఇంకో పాట తక్కువైందని అప్పటికప్పుడు కట్టిన పాటే ‘పారనాయిడ్’. లెడ్ జెప్లిన్ మొదటి రెండూ 1969లోనే. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అయితే ఆ ఒక్క ఏడాదిలో మూడు దించారు.

అప్పట్లో కచేరీలు చేసేది రికార్డులు అమ్ముకోవడానికి. కంపెనీతో రాసుకున్న కాంట్రాక్టు ప్రకారం ఇన్ని నెలలకి ఇన్ని పాటలు ఇవ్వాల్సిందే. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో వచ్చే చిల్లరతో పెద్ద బ్యాండ్లకి పని లేదు, డబ్బంతా టూర్లలోనే. పాత పాటలు వాయిస్తేనే స్టేడియాలు నిండుతున్నప్పుడు కొత్తవాటికి తొందరేముంది?

అయినా టూల్ అనే అమెరికన్ బ్యాండు వాళ్ళ సంగతి వేరు.

నేను వాళ్ళని మొదట విన్నది వరంగల్ ఇంజినీరింగ్ హాస్టల్లో, ఎవరో చేతులు మార్చిన ఎంపీత్రీ సీడీలో. దాని మీద పేరు కూడా లేదు, మార్కర్‌తో ‘హెవీ మిక్స్’ అని రాసుంది, అంతే. వాళ్ళ ఆల్బమ్ ‘లాటరాలస్’ 2001 మే నెలలో వచ్చింది. సెలవులకి కాకినాడ వెళ్ళినప్పుడు అందులో ‘స్కిజమ్’ అనే పాట ఇంట్లో స్పీకర్ల మీద పెట్టాను. మొదట జస్టిన్ చాన్సెలర్ బేస్ గిటార్ ఒక్కటే వినిపిస్తుంది, ఏదో తడబడుతున్నట్టు. అమ్మ ముందుగదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పిల్లలకి సంగీతం చెబుతుంది ఆవిడ. ఆపమంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. కాసేపటికి చూస్తే చిక్కుడుకాయ ఎడమచేతిలో అలాగే ఉంది, కుడిచెయ్యి మోకాలి మీద పడుతోంది. పెదాలు కదుల్తున్నాయి. తక తకిట, తకిట తకధిమి. తక తకిట, తకిట తకధిమి.

“ముందు ఖండ చాపు, తరవాత మిశ్ర చాపు. అయిదూ ఏడూ మార్చి మార్చి వేస్తున్నారు. ఎవరే వీళ్ళు?”

“అమెరికా వాళ్ళమ్మా.”

“ఆ కుర్రాడికి లయ చెప్పిన గురువెవరో కనుక్కో. ఆ అరుపులెందుకు గానీ, తాళం మాత్రం నిలబడింది.”

కనుక్కోవడానికి చాలాకాలం పట్టింది. టూల్ డ్రమ్మర్ డానీ కేరీ, ఆలోక్ దత్తా అనే తబలా గురువు దగ్గర పాఠాలు నేర్చుకున్నాడట. తరవాతి ఆల్బమ్‌లో ‘రైట్ ఇన్ టూ’ పాట మధ్యలో తబలా నేరుగానే వినిపిస్తుంది. ఆరున్నర అడుగుల మనిషి, బాస్కెట్‌బాల్ జెర్సీ వేసుకుని డ్రమ్స్ వెనక కూర్చుంటాడు. నాలుగు అవయవాలూ నాలుగు లెక్కల్లో తిరుగుతుంటాయి. అమ్మకి ఫోన్లో ఈ సంగతి చెబితే “మరి! ఊరికే వస్తుందా” అంది, సొంత శిష్యుడి గురించి విన్నట్టు.

ఆ తరవాతి ఆల్బమే ‘10,000 డేస్’, 2006లో. డల్లాస్ నుంచి వస్తున్న బావ చేత తెప్పించుకున్నాను. అట్టకి రెండు కటకాలు అతికించి ఉంటాయి. వాటిలోంచి లోపలి బొమ్మల్ని చూస్తే లోతుగా, మూడు కొలతల్లో కనిపిస్తాయి. మా నాన్న దాన్ని కళ్ళకి పెట్టుకుని, లోపల కనిపించినదానికి జడుసుకుని, “ఇది పాటల డబ్బానా, చేతబడి సామానా” అన్నారు. కానీ ఆ పేరు వెనకున్నది చాలా మామూలు మనిషి బాధ. పాడే మేనార్డ్ జేమ్స్ కీనన్ వాళ్ళమ్మ జూడిత్ మేరీకి, ఇతను పిల్లాడిగా ఉండగా పక్షవాతం వచ్చింది. అలాగే 27 ఏళ్ళు బతికింది. రోజుల్లో లెక్కేస్తే దాదాపు పదివేలు. ఆవిడ గురించి రెండు పాటలున్నాయి, కలిపి పదిహేడు నిమిషాలు. మొదటిది మొదలైన చాలాసేపటి దాకా గిటార్ ఉందో లేదో అన్నట్టుంటుంది. రెండోదాని చివరికొచ్చేసరికి నేను వేరే పనేదీ చెయ్యలేను, ఇప్పటికీ.

దాని తరవాత పదమూడేళ్ళు నిశ్శబ్దం. కోర్టు గొడవలు కొన్నేళ్ళు తినేశాయి, అవి 2015కి గానీ తెగలేదు. మేనార్డ్ అరిజోనాలో ద్రాక్షతోటలు పెట్టి వైన్ చేస్తున్నాడు, పైగా వేరే రెండు బ్యాండ్లు. అసలు చిక్కు వాళ్ళు పనిచేసే పద్ధతిలోనే ఉంది. గిటార్, బేస్, డ్రమ్స్ ముగ్గురూ కూర్చుని సంగీతం పూర్తిచేశాకే మేనార్డ్ మాటలు రాస్తాడు. ఆ ముగ్గురూ ఒక పట్టాన ఒప్పుకునే రకాలు కారు.

2019 ఆగస్టులో రెండు జరిగాయి. అన్నాళ్ళూ స్ట్రీమింగ్‌కి ససేమిరా అన్నవాళ్ళు నెల మొదట్లో పాత ఆల్బమ్‌లన్నీ పెట్టేశారు. 30న ‘ఫియర్ ఇనాక్యులమ్’ వచ్చింది. అదేవారం అమెరికా చార్టులో టేలర్ స్విఫ్ట్‌ని మొదటి స్థానం నుంచి దింపేసింది. అందులో పాటలు చాలామటుకు పది నిమిషాలకి పైనే. నేను మాదాపూర్ ఆఫీసులో ఉన్నాను, ఆ రోజు క్లయింట్ కాల్ ఒకటి, టెన్షన్. కాల్ అయ్యాక పార్కింగ్‌లోకి వెళ్ళి కార్లో కూర్చుని మొదటి పాట నుంచి పెట్టాను. నిజం చెప్పనా? ‘నుమా’ దాకా సంబరంగా ఉంది. ‘ఇన్విన్సిబుల్’ వచ్చేసరికి కదిలిపోయాను. ముసలివాడైన యోధుడు ఇంకా తనకి చోటుందా అని తంటాలుపడే పాట అది, యాభై దాటినవాళ్ళు పాడాల్సిన పాటే. ‘టెంపెస్ట్’ పదిహేను నిమిషాల పైచిలుకు, ఆడమ్ జోన్స్ గిటార్‌కి అంతకుమించిన పాట లేదంటాను. కానీ మధ్యలో డానీ కేరీ ఒక్కడి సింథసైజర్, డ్రమ్స్ ముక్క ఒకటుంది. పదమూడేళ్ళు ఆగినవాళ్ళకి అది పెట్టాల్సిన పని లేదు. అలాగే నాలుగంగుళాల స్క్రీన్ అమర్చిన సీడీ డబ్బా అమ్మారు, 45 డాలర్లు. కొనలేదు. ఇష్టం ఇష్టమే, డబ్బు డబ్బే.

ఇంగ్లండు బ్యాండు రేడియోహెడ్ వాళ్ళు దీనికి పూర్తిగా ఎదురు. పాటని దాచుకుంటారు గానీ విడుదల మాత్రం చటుక్కున చేసేస్తారు. 2007లో ‘ఇన్ రెయిన్‌బోస్’ వస్తోందని పది రోజుల ముందు చెప్పారు. వెబ్‌సైట్లో ధర రాసేచోట మీకు తోచినంత వేసుకోమన్నారు. విదేశాల్లో చెల్లే కార్డు నా దగ్గర లేదు, సున్నా అని కొట్టాను, వచ్చేసింది. ‘ట్రూ లవ్ వెయిట్స్’ అనే పాటనైతే 1995 నుంచి కచేరీల్లో పాడుతూ, స్టూడియో ఆల్బమ్‌లోకి ఎక్కించింది 2016లో. ఒకప్పుడు గిటార్ పట్టుకుని గొంతు చించుకుని పాడినది, ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ చివర పియానో మీద చితికిపోయినట్టుంటుంది. ఆ ఇరవయ్యొక్కేళ్ళూ దానికి అవసరమే అనిపించింది.

మెటాలికా గురించి రాయడం మొదలుపెడితే ఆపలేను, కాబట్టి ఒక్క ఫిర్యాదు. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు పాటలు బాగున్నాయి, వింటే తలనొప్పి. మెల్లగా ఉండాల్సినచోటూ గట్టిగా ఉండాల్సినచోటూ ఒకే ఎత్తుకి తెచ్చి పిండేశారు, డ్రమ్ దెబ్బ పడినప్పుడల్లా శబ్దం చిట్లుతుంది. అదే రోజు గిటార్ హీరో అనే వీడియోగేమ్‌కి ఇచ్చిన కాపీలో ఆ నొక్కుడు లేదు. ఆట ఆడే పిల్లలకి మంచి సౌండు, డబ్బుపెట్టి సీడీ కొన్నవాళ్ళకి రొద! అభిమానులు సంతకాలు సేకరించి మరీ మళ్ళీ మిక్స్ చెయ్యమన్నారు. గేమ్‌లోంచి లాగిన కాపీ నా దగ్గరుంది, నేను వినేది అదే. తరవాతిదానికి ఎనిమిదేళ్ళు పట్టింది, మధ్యలో వాళ్ళ గిటారిస్టు కిర్క్ హామెట్ రెండొందల యాభై రిఫ్‌లు, అంటే పాటలు కట్టడానికి దాచుకున్న గిటార్ ముక్కలున్న ఫోన్ పోగొట్టుకున్నాడు. ఆ ఆల్బమ్ ‘హార్డ్‌వైర్డ్’లో అతని పేరు మీద ఒక్క పాటా లేదు. బ్యాకప్ తీసుకోవయ్యా మగడా అని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పినట్టు చెప్పాలనిపించింది. 2023లో ‘72 సీజన్స్’ 77 నిమిషాలు, ఇరవై కోసేస్తే గొప్ప ఆల్బమ్.

ఇక మా తమ్ముడి అస్త్రం కింగ్ గిజార్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ అనే బ్యాండు. వాళ్ళూ మెల్‌బోర్న్ వాళ్ళే. 2017 ఒక్క ఏడాదిలో అయిదు ఆల్బమ్‌లు. 2022 అక్టోబర్‌లో నెల తిరక్కుండా మూడు. వాడు పంపితే 2017వి వరసగా విన్నాను. ‘ఫ్లయింగ్ మైక్రోటోనల్ బనానా’ కోసం గిటార్లకి అదనపు మెట్లు పెట్టించుకున్నారు, రెండు స్వరాల మధ్యలో నిలబడే శ్రుతులు పలుకుతాయి. గమకాలతో పెరిగిన చెవికి అది వింతగా ఏమీ ఉండదు, పాశ్చాత్యుల గిటార్ ఎట్టకేలకు సందుల్లోకి వచ్చిందనిపిస్తుంది. ‘మర్డర్ ఆఫ్ ద యూనివర్స్’ సగం కథ చెప్పడమే, ఒకసారికి చాలు.

నాలుగోది ‘పాలీగాండ్వానాలాండ్’. దాన్ని ఊరికే ఇచ్చేశారు. ఊరికే అంటే వినడానికి మాత్రమే కాదు, మాస్టర్ కాపీలు, అట్ట బొమ్మలు అన్నీ పెట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళు రికార్డులు అచ్చువేసుకుని అమ్ముకోండి అన్నారు. ప్రపంచమంతా చిన్న చిన్న కంపెనీలు తలో రంగులో వేశాయి. మావాడి దగ్గర ఆకుపచ్చది ఉంది. మొదటి పాట పది నిమిషాల పైన, లెక్క మారుతూ మారుతూ పోతుంది, ఎక్కడా ఊపిరాడనివ్వదు. ఇందుకు టూల్ వాళ్ళకి రెండేళ్ళు పట్టేదని వాడు వెక్కిరించాడు. నేనేమీ అనలేదు, ఆ పాట మళ్ళీ పెట్టమన్నాను.

కానీ అయిదోది, డిసెంబర్ 31న హడావిడిగా వదిలిన ‘గంబూట్ సూప్’, మిగతా నాలుగింట్లో చోటు దొరకని పాటల మూటే. ఆ సంగతి వాడిచేత ఇంకా ఒప్పించాలి.