రిజిస్టర్‌లో ఆరో సంతకం

పదకొండు దాటింది, నిద్ర పట్టడం లేదు. పొద్దున రేషన్ షాపు పిల్లగాడు రిజిస్టర్ పట్టుకొని ఇంటికే వచ్చాడు. రేషన్ షాపు సరిగ్గా నడుస్తోందో లేదో చూసే నిఘా కమిటీలో నేనూ ఉన్నాను. ఆ కమిటీ మీటింగ్ జరిగిందని ముందే రాసి పెట్టారు, కింద ఐదు సంతకాలు, ఆరోది నాదట. "మీటింగ్ ఎప్పుడైంది?" అంటే "ఏం గాదు మేడం, అందరు పెట్టిన్రు, మీరు గూడ పెట్టుండ్రి" అన్నాడు. రేపొచ్చి తీసుకుపోతానని ఫ్రిజ్ మీద పెట్టేసి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. షాపు షాపుకూ ఈ కమిటీ ఉండాలని 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉంది. మేం కూర్చొని మాట్లాడటానికే కదా అది! నాకు మాట్లాడాలని ఉన్నది జొన్నల గురించి, బియ్యంతో పాటు అవీ ఇవ్వమని.

పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, కోతకు ముందు అమ్మమ్మ జొన్నచేనంతా తిరిగి గట్టి కంకులకు ఎర్ర గుడ్డపీలిక కట్టేది. అవి విత్తనానికి. ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. మృగశిర ముందు వాడకట్టు ఆడోళ్లంతా మా అరుగు మీద కూర్చొని ఎవరు ఏది వేయాలో, ఎవరికి ఎన్ని మానెల విత్తనం కావాలో మాట్లాడుకునేవాళ్లు, తాత పక్కన కూర్చొని వినేవాడు. రాత్రికి గటక, జొన్నరవ్వ గట్టిగా ఉడికించింది. మధ్యలో వేలితో గుంట చేసి పచ్చిపులుసు పోసేది, అంచుల నుంచి కొంచెం కొంచెం తినాలి, గుంట తెగితే పులుసంతా పళ్లెంలోకి పారేది.

2001లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' జరిగింది. చిన్న రైతులు, ఎక్కువ మంది ఆడవాళ్లే, జ్యూరీగా కూర్చొని అధికారుల, శాస్త్రవేత్తల మాటలు విని, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రణాళిక 'విజన్ 2020' చెప్పే వ్యవసాయం మాకొద్దన్నారు, మా విత్తనం మా చేతిలోనే ఉండాలన్నారు. అరుగు మీది ఆడోళ్లు చేసిందీ అదే కదా.

ఇక్కడిదాకా రాసి, మంచినీళ్లకు లేచిన అత్తమ్మను అడిగాను, రేషన్‌లో జొన్నలిస్తే బాగుంటది కదా అని. కోపం వచ్చింది ఆమెకు. "మా చిన్నప్పుడు పండుగకే బువ్వ, మిగతా దినాలు గటకనే. ఇప్పుడు సన్నబియ్యం వస్తుంటే మళ్ల జొన్నలా? నన్ను అడిగిండ్రా ఎవలన్న?"

2025 ఉగాది నుంచి మా తెలంగాణలో రేషన్ మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి, మొదటిసారి వండిన రోజు ఆమె గిన్నె మూత తీసి చాలాసేపు చూసింది. నాకు రుచిగా గుర్తున్న గటక ఆమెకు లేమి. ఆమెను అడక్కుండా జొన్నలివ్వమని నేను చెప్పబోయాను, ఆ పిల్లగాడు జరగని మీటింగ్ రాసి తెచ్చినట్టే.

జొన్నలు కావాలని నాకు ఇప్పటికీ ఉంది. కానీ రేపు పొద్దున ఆ పిల్లగాడు వస్తే సంతకం పెట్టను, ఆదివారం నిజంగా మీటింగ్ పెట్టమంటాను. అత్తమ్మ కూడా వస్తానంది.