దేవుణ్ణి తిట్టి రైలెక్కిన పెద్దమనిషి

దేవుడు లేడని మైకు పట్టుకుని తెలుగులో చెప్పే మనిషి ఒడిశాలోని మన బరంపురం వస్తున్నాడంటే వెళ్లకుండా ఎలా ఉంటాను! మన ఊళ్లో తెలుగు సభ అంటే ఉగాది కవిసమ్మేళనమో, భాగవత ప్రవచనమో. అలాగని నాకు గుడి అంటే పడదనుకోకండి, చైత్రమాసం మంగళవారాలు తారాతారిణి అమ్మవార్ల కొండెక్కే ఇంట్లో పుట్టినవాణ్ణే, నా పుట్టువెంట్రుకలు తీసిందీ అక్కడే. వక్త ఆంధ్రా నుంచి వచ్చారు. ఆయన పేరు రాయడం లేదు, ఎందుకంటే మెచ్చుకోలుతో పాటు కొంచెం తిట్టబోతున్నాను కూడా.

చిన్న హాలు. ముందు వరసల్లో రిటైరైన లెక్చరర్లు, వెనక నేతపని వాళ్లు, గుమ్మం దగ్గర ఇద్దరు పోలీసులు. పోలీసుల్ని చూసి నాకేం వింతగా అనిపించలేదు. 2022 నవంబరు చంద్రగ్రహణం నాడు భువనేశ్వర్‌లో, గ్రహణం వేళ బిర్యానీ తిన్న హేతువాదులకీ అడ్డొచ్చినవాళ్లకీ జరిగిన గొడవ అందరం టీవీలో చూసిందే. అంతకుముందు, 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకకి వెళ్లిన నరేంద్ర దాభోల్కర్‌ని కాల్చి చంపారు, ఆయన మూఢనమ్మకాల మీద చట్టం కావాలని ఏళ్ల తరబడి తిరిగిన మనిషి, మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఆర్డినెన్సేదో ఆయన పోయిన కొద్ది రోజులకి తెచ్చింది. చచ్చాక గానీ ఫైలు కదల్లేదన్నమాట.

మొదటి అరగంట మాత్రం అదిరింది. నాలిక మీద కర్పూరం వెలిగించుకున్నారు. పసుపులో సున్నం కలిపి "ఇదిగో అమ్మవారి రక్తం" అన్నారు, వెనక నుంచి ఒకావిడ "అది పారాణి కదయ్యా" అంది, హాలంతా నవ్వు. మంత్రం చదివి మంట పుట్టించి, తర్వాత పొట్లం విప్పి అది పొటాషియం పర్మాంగనేటు, దాని మీద పోసింది గ్లిజరిన్ అని చూపించారు. నిప్పుల మీద నడవడం గురించి కూడా చక్కగా చెప్పారు: బూడిద కప్పిన బొగ్గు నుంచి వేడి పాదానికి ఎక్కడం నెమ్మదే, పాదం ఆనేది క్షణమే, అందుకే చకచకా నడిచినవాడికి కాలదు, నిలబడితే ఎంత భక్తుడికైనా కాలుతుంది. దండనాట అనే కఠిన వ్రతం చూస్తూ పెరిగిన గంజాం జిల్లా వాళ్లకి ఇది చెప్పాల్సిన విషయమే. మావయ్య నా చెవిలో "మన స్కూల్లో సైన్సు మేష్టారు ఒక్కసారైనా ఇలా చూపించారట్రా?" అన్నాడు. లేదు.

ఆ తర్వాత చిల్లంగి, అంటే చేతబడి సంగతి ఎత్తారు. 2019లో మన గంజాం జిల్లాలోనే గోపాపూర్ అనే ఊళ్లో, చేతబడి చేస్తున్నారని ఆరుగురు ముసలివాళ్ల పళ్లు పీకి, మలం తినిపించారు. ఒడిశాలో మంత్రగత్తె ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి చట్టం 2013లోనే వచ్చింది, చట్టం వచ్చిన ఆరేళ్లకి ఈ పని! హాలు నిశ్శబ్దం. ఇక్కడ ఇంకో అరగంట ఉంటారనుకున్నా, ఎందుకంటే రాయగడ, గజపతి జిల్లాల వైపు ఈ అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు వస్తూనే ఉంటాయి. ఆయన ఐదు నిమిషాల్లో ముగించి పురాణాల మీద పడ్డారు. ఇక ఆ దేవుడికి ఇందరు పెళ్లాలెందుకు, ఈ దేవుడికి ఆ తలెందుకు, అవే యూట్యూబ్ జోకులు. గడియారం చూడ్డం మొదలెట్టాను.

ప్రశ్నల టైమొచ్చింది. వెనక నుంచి ఒక పెద్దాయన లేచారు, డేరా కులం నేత కుటుంబం. "బాబూ, మా బుఢీ ఠాకురాణి అమ్మవారు రెండేళ్లకోసారి దేశిబెహరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తుంది. దేశిబెహరా మా కులప్పెద్ద. ఆ నెల రోజులూ ఊరు ఊరంతా మా వీధికొస్తుంది. మిగతా రోజుల్లో మేమున్నామని కూడా ఎవరికీ గుర్తుండదు. అమ్మ లేదంటున్నారు సరే, మరి ఆ నెల మాకెవరిస్తారు?" అన్నారు.

నా లెక్కలో ఆ సాయంత్రం మొత్తానికి అదే అసలు ప్రశ్న. వక్త నవ్వి "అమ్మవారికి పుట్టిల్లుంది సరే, అత్తారిల్లు ఎక్కడండీ?" అన్నారు. ముందు వరసలు చప్పట్లు. పెద్దాయన కూర్చుండిపోయారు.

నాకు ఒళ్లు మండింది. దేవుడు లేడన్నందుకు కాదు, పెద్దాయన అడిగింది దేవుడి గురించి కానే కాదు. ఒడియా ఊళ్లో తెలుగు నేతగాడికి రెండేళ్లలో గౌరవం దొరికే చోటు అదొక్కటే ఉంటే, దాన్ని తీసేయమనేవాడు బదులుగా ఏం పెడతాడో చెప్పాలి కదా!

నాస్తికుల్లో అలా పెట్టినవాళ్లు లేకపోలేదు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని ఛత్రపురంలోనే, అప్పట్లో గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. నాస్తికత్వం వల్ల కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది, అయినా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, దళితులతో కలిసి పంక్తి భోజనాలు చేశారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. బ్రాహ్మణ ఇంట్లో పుట్టి, కూతుర్ని దళిత యువకుడికిచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు, ఆ పెళ్లి దగ్గరుండి జరిపిస్తానన్న గాంధీ అప్పటికే లేరు. నా ఆస్తికత్వం ఒప్పనీ నీ నాస్తికత్వం తప్పనీ నేను చెప్పలేనని గోరాతో అన్నది ఆ గాంధీయే. గుడిలో దొరకని పంక్తి బయట వేసి చూపించిన మనిషి మాట వేరు. మన వక్త గోరా పేరు ఒక్కసారి, అదీ వేరే ఏదో చెబుతూ తలిచారు, పక్క ఊరివాడని ఆయనకి తెలుసో లేదో.

సభ అయ్యాక నిర్వాహకుల్లో తెలిసినాయన కనిపిస్తే చెప్పాను, ఈసారి సభ హాల్లో వద్దు, గుణుపురం అవతల పల్లెల్లో పెట్టండి, పురాణాలు వదిలేసి కర్పూరం, పర్మాంగనేటు, చిల్లంగి చాలు అని. "అక్కడ ఒడియా, సవర భాష వచ్చినవాళ్లు కావాలి, ఈయనకి తెలుగొక్కటే వచ్చు" అన్నాడు. అదీ నిజమే. సవర వచ్చిన టీచరెవరైనా దొరికితే కబురు చెయ్యమన్నాడు, మీకెవరైనా తెలిస్తే చెప్పండి.