మూల్యాంకన నివేదికను ఊళ్లో చదివాం

వలస కుటుంబాల పిల్లల కోసం మేము నడుపుతున్న కేంద్రాలపై బయటి బృందం చేసిన మూల్యాంకనం ముసాయిదా గత వారం చేతికందింది. ఈ రోజు ఉదయం దాన్ని ఆఫీసులో కార్యకర్తలందరం కూర్చుని చదివాం, సాయంత్రం కోసిగి వైపు ఒక ఊళ్లో తల్లుల ముందు చదివాం. నివేదికలో ఎక్కడా లేని ఒక సంగతి సాయంత్రం బయటపడింది కనుక వివరాలు చెదిరిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా మిరప కోతల కాలంలో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు తరలిపోతాయి. ఇక్కడి వాళ్లు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లలు కూడా వెంట వెళ్తే చదువు ఏడాది మధ్యలో తెగిపోతుంది. అందుకే పిల్లలను ఊళ్లోనే ఉంచి, భోజనం పెట్టి, రాత్రిపూట పడక చూపించి, సాయంత్రాలు చదివించే కేంద్రాలు మొదలుపెట్టాం. నివేదిక చెప్పిన మాట సూటిగానే ఉంది. తల్లిదండ్రులు కేంద్రాల పట్ల ఎంతో సంతృప్తిగా ఉన్నారు, మగపిల్లల్లో ఎక్కువమంది ఊళ్లో ఆగి బడికి వెళ్తున్నారు, కానీ పదేళ్లు దాటిన ఆడపిల్లల విషయంలో కేంద్రం ఉన్న ఊరికీ లేని ఊరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించడం లేదు.

ఆ వాక్యం దగ్గర ఆఫీసులో అందరూ మౌనమైపోయారు. ఇటీవలే చేరిన ఒక కార్యకర్త మాత్రం, "అందరూ బాగుందంటుంటే తేడా లేదని ఎట్లా రాస్తారు మేడమ్?" అని బాధగా అడిగింది. రోజూ ఇల్లిల్లూ తిరిగే మనిషికి రావలసిన ప్రశ్నే అది. దానికి జవాబుగా నేను కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనం గురించి చెప్పాను.

అమెరికాలో ఆసుపత్రుల్లో సామాజిక కార్యకర్తలు ఉండాలని మొదట పట్టుబట్టిన వైద్యుల్లో రిచర్డ్ క్యాబట్ ఒకరు. సేవ చేస్తే చాలదని, దాని ఫలితాన్ని కొలవాలని సామాజిక కార్యకర్తలకు ఆయన గట్టిగా చెప్పేవారు. పిల్లలు నేరాల వైపు మళ్లకుండా సహాయంతో ఆపగలమా అని చూడటానికి ఆయన తలపెట్టిన ఈ అధ్యయనం 1939లో బోస్టన్ పక్కనున్న ఆ రెండు పట్టణాల్లో ఆరంభమైంది. ఒకే రకమైన పరిస్థితుల్లో ఉన్న పిల్లలను జతలుగా చేసి, ప్రతి జతలోనూ నాణెం ఎగరేసి ఒకరికి సహాయం అందించారు, మరొకరిని మామూలుగా వదిలేశారు. మొత్తం 506 మంది అబ్బాయిలు. సహాయం పొందిన వాళ్ల ఇళ్లకు కౌన్సెలర్లు ఏళ్ల తరబడి వెళ్లారు, చదువులో తోడ్పడ్డారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. దాదాపు 30 ఏళ్ల తరువాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకుని, 1978లో ఫలితాలు ప్రచురించారు. సహాయం పొందిన వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు చూస్తే నేరాలు తగ్గలేదు సరికదా, మద్యపానం, మానసిక అనారోగ్యం, అకాల మరణం వంటి వాటిలో సహాయం అందని వాళ్ల కంటే వీళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. పోల్చి చూడటానికి రెండో జట్టు లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు, అటువంటి కార్యక్రమాలు మరిన్ని వచ్చి ఉండేవి. మనవల్ల మేలు జరిగిందని మనుషులు ఆప్యాయంగా చెప్పే మాట విలువైనదే, కానీ అది మేలు జరిగిందనడానికి రుజువు కాదని మా కార్యకర్తలకు చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. అడిగిన అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత హాజరు పట్టీలు తీసి ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.

మా రంగంలో మూల్యాంకన నివేదికలు సాధారణంగా వెళ్లే దారి నాకు బాగా తెలుసు. సారాంశం దాతలకు వెళ్తుంది, మెచ్చుకోలు వాక్యాలు తరువాతి ప్రతిపాదనలోకి ఎక్కుతాయి, మిగతా పేజీలు బీరువాలో ఉంటాయి. మూల్యాంకనాల వాడకంపై జీవితకాలం పరిశోధించిన క్యారల్ వైస్, నివేదిక చూసి వెంటనే నిర్ణయం మార్చుకోవడం అరుదని, దానిలోని ఆలోచన మెల్లమెల్లగా మనుషుల అవగాహనలోకి ఇంకుతుందని గమనించారు. అది పెద్ద ప్రభుత్వ శాఖల విషయంలో నిజం కావచ్చు. కానీ కోతలు మొదలయ్యేలోపు ఏర్పాట్లు మార్చుకోవలసిన మాలాంటి చిన్న సంస్థకు అంత తీరిక లేదు. ఈ ఆడపిల్లలకు అసలే లేదు.

అందుకే నివేదికను ఊళ్లో చదవాలని పట్టుబట్టాను. ఈ పద్ధతి మన రాష్ట్రంలోనే మనకు అందివచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, ఆ పథకానికి సామాజిక తనిఖీని వ్యవస్థగా నిలబెట్టిన తొలి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కూలీల కుటుంబాల్లోని యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాకుండా వేరే ఊళ్లకు పంపేవారు. వాళ్లు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్విన్ని రోజులు పని చేసినట్టు, ఇంత కూలి తీసుకున్నట్టు ఇందులో ఉంది, నిజమేనా అని అడిగేవారు. తేలిన విషయాలను ముందు గ్రామసభలో, తరువాత మండల ప్రజావేదికలో అధికారుల సమక్షంలో పైకి చదివేవారు. చదవడం, రాయడం రాని కూలీలు తమ గురించి కాగితం మీద ఏముందో విని, అక్కడికక్కడే లేచి నిలబడి కాదనడం నేను కళ్లారా చూశాను. ఆ పద్ధతి డబ్బు లెక్కలకే ఎందుకు పరిమితం కావాలన్నది ఎప్పటి నుంచో నా మనసులో ఉన్న మాట.

సాయంత్రం రామాలయం అరుగు మీద తల్లులు, అవ్వలు కలిసి ఒక పాతికమంది కూర్చున్నారు. మా కార్యకర్తే నివేదికను మామూలు మాటల్లోకి మార్చి చదివింది. సంతృప్తి గురించిన భాగాన్ని అందరూ తలలూపుతూ విన్నారు. పెద్ద ఆడపిల్లల గురించి చదివినప్పుడు మాత్రం ఒక తల్లి మధ్యలోనే అందుకుంది. "చంటిదాన్ని ఎవరు చూసుకోవాల మేడమ్? దాన్ని ఎత్తుకోడానికే పెద్దదాన్ని ఎంట తీసకపోయేది. చదువు వద్దని కాదు."

ఆ తరువాత ఒకరి మాట మీద ఒకరు చెప్పుకుంటూ పోయారు. మా కేంద్రాల్లో ఆరేళ్లు నిండిన పిల్లలనే చేర్చుకుంటాం. చంటిపిల్లలు తల్లితో పాటే వెళ్తారు. మిరప కోతలో కోసినంతకే కూలి, కాబట్టి బిడ్డ ఏడ్చినప్పుడల్లా తల్లి పని ఆపితే ఆ రోజు సంపాదన సగానికి పడిపోతుంది. డేరా దగ్గర బిడ్డను చూసుకోవడానికి ఎవరో ఒకరు కావాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ అక్కే. అక్కడి అంగన్‌వాడీలో అడగలేదా అంటే, తమ పేర్లు అక్కడ ఉండవని, డేరాలు వేసుకునే చేను ఊరికి చాలా దూరమని చెప్పారు. ఆడపిల్ల చదువు పట్ల తల్లిదండ్రుల ఆసక్తి తక్కువ అని నివేదిక ఒక కారణం రాసింది. ఈ తల్లుల మాట విన్నాక ఆ వాక్యం అలాగే అచ్చు కావడానికి నేను ఒప్పుకోను.

నివేదిక పనికిరానిదని ఇక్కడ నేను అనడం లేదు. ఆ పోలిక లేకపోతే నిండుగా ఉన్న హాజరు పట్టీలు చూసుకుంటూ మరో ఏడాది గడిపేసేవాళ్లం, ఈ ప్రశ్న ఊళ్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. తేడా లేదని కొలత చెప్పింది, ఎందుకు లేదో తల్లులు చెప్పారు. మొదటిది దాతల కోసం, రెండోది మన కోసం అని విడదీస్తే రెండూ వృథా అవుతాయి. ఈ ఫలితం చూసి నిధులు తగ్గిస్తారేమోనని మా సహోద్యోగి ఒకరు తిరుగు ప్రయాణంలో ఆందోళన పడ్డారు. ఆ భయం నాకూ ఉంది. అయినా ఆడపిల్లల పేరా తీసేసి నివేదిక పంపడం మాత్రం జరగదు.

మూల్యాంకన బృందానికి రాత్రే ఉత్తరం రాశాను. మూడేళ్ల లోపు బిడ్డలున్న తల్లులతో విడిగా మాట్లాడి ఆ భాగాన్ని తిరిగి రాయాలని కోరాను. వలసకు ముందు మేము చేసే ఇంటింటి సర్వే ఫారంలో చంటిపిల్లల గడి ఒకటి చేర్చమని రేపు చెప్పాలి. ఈ సీజన్‌లో కొన్ని ఊళ్ల వాళ్లతో పాటు ఒక ఆయమ్మను గుంటూరు వైపు పంపి, డేరాల దగ్గరే చంటిపిల్లలను చూసుకునే ఏర్పాటు చేస్తే ఖర్చెంత అవుతుందో లెక్క వేయించాలి. ఆ ఊళ్లలో అక్కలు బడిలో ఆగారో లేదో ఈసారి కూడా బయటి వాళ్లే చూడాలని దాతలకు పంపే ప్రతిపాదనలో రాయబోతున్నాను.