షివితి పటం రాసిన నా అనుభవం

మా అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం రామకోటి రాసేది. గళ్ల పుస్తకం, నీలం పెన్ను, గడికో నామం. పుస్తకం నిండితే భద్రాచలం పంపించేది. మావారి పరిశోధన పనిమీద జెరూసలేం వెళ్లి, హీబ్రూ లిపి అందంగా రాయడం నేర్పే చిన్న తరగతిలో చేరిన మొదటి రోజు నాకు ఆవిడే గుర్తొచ్చింది.

నేను రాయాలనుకున్నది షివితి పటం, యూదులు ప్రార్థనలో ఎదురుగా పెట్టుకునే అక్షరాల పటం. ‘దేవుణ్ణి ఎల్లప్పుడూ నా ఎదుట ఉంచుకున్నాను’ అనే బైబిల్ 16వ కీర్తన వాక్యంలో మొదటి మాట ‘షివితి’. పటం పైన ఆ వాక్యం, అందులో నాలుగక్షరాల దైవనామం పెద్దగా ఉంటుంది. కింద 67వ కీర్తనను ఏడు కొమ్మల దీపస్తంభంలా రాస్తారు. శీర్షిక తీసేస్తే అందులో 7 వచనాలు, 49 మాటలు. కొమ్మకో వచనం. ప్రార్థనలో చూపు నిలపడానికి విగ్రహం లేదు, ఈ అక్షరాలే ఉన్నాయి.

మొదటి నెలంతా హీబ్రూ మొదటి అక్షరం అలెఫ్ ఒక్కటే. మన అక్షరం గీత మీద కూర్చుంటుంది, హీబ్రూ అక్షరం పైగీత నుంచి వేలాడుతుంది. అడ్డగీత లావు, నిలువుగీత సన్నం. కలం కాస్త పక్కకు తిరిగినా టీచర్ పట్టేసేవారు. అలెఫ్‌లో ఏటవాలుగా వావ్ అనే అక్షరం, దానికి పైనా కిందా ఒక్కో యోద్ అక్షరం. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది. వావ్ విలువ 6, ఒక్కో యోద్ 10. కలిపితే 26. దైవనామంలోని నాలుగక్షరాలు కూడినా 26. ఇది తెలిశాక నా చెయ్యి నెమ్మదించింది.

తర్వాత టీచర్ నలుపు వదిలి తెలుపు చూడమన్నారు. తోలు మీద రాసే యూదుల పవిత్ర గ్రంథం తోరా చుట్టలో ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ తోలు ఉండాలి, పక్కదాన్ని తాకకూడదు. ‘పే’ అక్షరం లోపలి తెలుపు ‘బేత్’ ఆకారంలో రావాలన్నది లేఖకుల సంప్రదాయం. ఒక రోజు నాతో ‘పే’ని మూరెడెత్తున గీయించి, నల్లటి భాగం దాదాపు మాయమయ్యేలా లేత గోధుమరంగు పూయించి, లోపలి బేత్‌కి మాత్రం నీలం వేయించారు. చదవడానికేమీ మిగల్లేదు. నేను చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. లోకానికి చోటివ్వడానికి దేవుడు తనను తాను కుదించుకున్నాడని 16వ శతాబ్దంలో సఫేద్ పట్టణంలో ఐజాక్ లూరియా బోధించాడు. ఆ భావన పేరు ‘సిమ్‌సుమ్’. న్యూయార్క్ కళాకారుడు బార్నెట్ న్యూమన్ 1969లో అదే పేరుతో వంకరటింకర ఉక్కు గోడలు రెండు నిలబెట్టి, మధ్యలో మనిషి నడిచే దారి వదిలాడు. నా నీలం బేత్ ఎదురుగా పెట్టుకుని ఆ ఫొటో చాలాసేపు చూశాను.

అసలు పటం మొదలుపెట్టాక ఒకటే టెన్షన్. తోలు ఖరీదైనది. ఐదో కొమ్మలో సిరా పాకి రెండు అక్షరాలు కలిసిపోయాయి. బ్లేడుతో గీకేస్తే చాలన్నారు టీచర్. నాకు మనసొప్పలేదు. ఇంకో తోలు కొని మళ్లీ మొదటి నుంచి రాశాను. రాసిన దైవనామాన్ని చెరపకూడదు, పారేయకూడదు. అలాంటి పాత కాగితాల్ని గెనీజా అనే ప్రత్యేకమైన చోట దాచి భూమిలో పాతిపెడతారు. అందుకే కీర్తనలో దేవుడికి వాడిన ‘ఎలోహీమ్’ అనే పేరు వచ్చినచోటల్లా, యూదులు మామూలు రాతల్లో చేసినట్టే, ‘హే’ అక్షరం బదులు ‘కోఫ్’ అక్షరం పెట్టాను.

చివరికి పైన నాలుగక్షరాలు మిగిలాయి. ఆ నామం రాసేముందు, దాని పవిత్రత కోసమే రాస్తున్నానని లేఖకుడు పైకి చెప్పాలి. “ఆ మాట నువ్వు అనగలవా?” అని అడిగారు టీచర్. అనలేకపోయాను. తరతరాలుగా వాళ్లు నిలుపుకున్న మాట అది, అరువు తెచ్చుకోబుద్ధి కాలేదు. నాలుగక్షరాలకు చోటు కొలిచి, ఖాళీగా వదిలాను.

వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే, “పైన రాయడం మర్చిపోయావేంటే?” అంది.

“అక్కడ దేవుడి పేరు ఉండాలమ్మా.”

అమ్మ కాసేపు చూసింది. “అమ్మమ్మ ఆఖరి రామకోటి పుస్తకం బీరువాలోనే ఉంది. సగం గళ్లు అలాగే ఉన్నాయి,” అంది.

ఈసారి వచ్చినప్పుడు తెచ్చుకుంటానని చెప్పాను.