మెమరీలో ఉన్నది ఏ డ్రైవరు?

లినక్స్‌లో రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డును నడిపే ఆర్8169 డ్రైవరులో ఒక చిన్న మార్పు చేసి, అది అమలులోకి వచ్చిందో లేదో తెలియడానికి కెర్నెల్ (వ్యవస్థకు మూలమైన ప్రోగ్రాము) లాగ్‌లో ఒక వాక్యం పడేలా ఇంకో పంక్తి చేర్చాను. మాడ్యూలు, అంటే కెర్నెల్‌లోకి విడిగా ఎక్కించే డ్రైవరు ఫైలు, కంపైల్ అయింది, ఇన్‌స్టాల్ అయింది, యంత్రాన్ని రీబూట్ కూడా చేశాను. లాగ్‌లో ఆ వాక్యం మాత్రం కనబడలేదు. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని రెండు సాయంత్రాలు దానినే తిరగరాస్తూ కూర్చున్నాను.

నన్ను పొరబాటులో ఉంచింది మాడ్‌ఇన్ఫో కమాండు. అది డిస్కు మీద ఉన్న ఫైలును చదివి వివరాలు చెబుతుందే తప్ప మెమరీలో నడుస్తున్న మాడ్యూలును చూడదు. ఎల్ఎస్‌మాడ్ అయినా ఆ పేరుతో ఒక మాడ్యూలు ఉందని చెబుతుంది గాని, అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పదు. సాక్ష్యం కెర్నెల్‌నే అడగాలి. కెర్నెల్ తన స్థితిని ఫైళ్ళ రూపంలో చూపే సిస్ కింద మాడ్యూల్ డైరెక్టరీలో, డ్రైవరు పేరుతో ఉన్న చోట, ఎస్ఆర్‌సీవెర్షన్ అనే ఫైలు ఉంటుంది. కెర్నెల్‌ను నిర్మించినప్పుడు ఆ సదుపాయం పెట్టి ఉంటే, మెమరీలోకి ఎక్కిన మాడ్యూలు గుర్తు అందులో కనబడుతుంది. దానిని మాడ్‌ఇన్ఫో చూపిన ఎస్ఆర్‌సీవెర్షన్ పక్కన పెట్టి చూస్తే రెండూ వేరు.

కారణం ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే ఒక చిన్న ఫైల్ సిస్టమ్. ఉబుంటులో అసలు డిస్కు మౌంట్ కాకముందే ఆ చిన్న ఫైల్ సిస్టమ్ నుంచి కొన్ని డ్రైవర్లు ఎక్కుతాయి, వాటిలో నెట్‌వర్క్ డ్రైవర్లూ ఉంటాయి. నేను డిస్కు మీద ఫైలును మార్చాను గాని, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని పాత ప్రతి అలాగే ఉండిపోయి, బూట్ అయిన ప్రతిసారీ అదే ముందుగా ఎక్కుతూ వచ్చింది. అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కమాండుతో దానిని మళ్ళీ నిర్మించి రీబూట్ చేశాక రెండు గుర్తులూ కలిశాయి, నా వాక్యమూ లాగ్‌లో పడింది. తిరగరాసినదంతా తీసివేసి మొదట రాసిన మార్పునే పెట్టి చూస్తే, అది మొదటినుంచీ సరిగ్గానే ఉంది.

ఎస్ఆర్‌సీవెర్షన్‌కూ ఒక పరిమితి ఉంది. అది సోర్సు ఫైళ్ళలోని పాఠం నుంచి లెక్కగట్టినది కనుక, కంపైలర్ ఆప్షన్లు మాత్రమే మార్చినా, వేరే డైరెక్టరీలోని హెడర్ మార్చినా అది మారదు. అలాంటప్పుడు నేను బిల్డ్ ఐడీని, అంటే కంపైల్ అయి వచ్చిన ఫైలుకు పడే గుర్తును, చూస్తాను. ఎక్కిన మాడ్యూలుది సిస్‌లోని నోట్స్ డైరెక్టరీలో దొరుకుతుంది, డిస్కు మీది ఫైలుకు రీడ్‌ఎల్ఫ్ కమాండు చాలు. ఫైలు కుదించి ఉంటే ముందు విప్పాలి.

డ్రైవరు మాడ్యూలుగా కాక కెర్నెల్‌లోనే కలిసి ఉంటే ఇవేవీ అక్కరకు రావు, కొత్త కెర్నెల్‌తోనే బూట్ కావాలి. అప్పుడు యూనేమ్ కమాండు చూపే బిల్డ్ సంఖ్యనూ, నిర్మించిన తేదీనీ, సమయాన్నీ నా కంపైల్ సమయంతో పోల్చుకుంటాను.