152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్: 1/72 పని ఎంతవరకు వచ్చింది

రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటన్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్‌కు 72వ వంతు ప్లాస్టిక్ మోడల్ ఇది. పెట్టె తెరిచి ఆరు వారాలైంది. రంగులు పూర్తయ్యాయి, రౌండెళ్లు (విమానం మీది గుండ్రటి దేశ గుర్తులు) కూర్చున్నాయి, కానోపీ (పైలట్ తలపైని గాజు కప్పు) అంటింది. యాంటెన్నా తీగ, సీరియల్ నంబరు, చివరి మాట్ కోటింగు (మెరుపు తగ్గించే పొర) మిగిలాయి. ఈలోగా చేసిన పనంతా రాసి పెట్టుకుంటున్నాను. ఇదే కిట్ చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుంది, తర్వాతి విమానం మొదలుపెట్టినప్పుడు నాకూ పనికొస్తుంది.

కిట్ బ్రిటన్ మోడల్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ వారి స్పిట్‌ఫైర్ మార్క్ 1 (మొదటి రకం). పెట్టెలో వచ్చిన గుర్తులతో కాకుండా, బ్రిటన్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్ విమానంగా చేస్తున్నాను. ఆ స్క్వాడ్రన్ పూర్తి పేరులో హైదరాబాద్ ఉంది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. మొదట 1918లో ఏర్పడి, యుద్ధం అయ్యాక రద్దయింది. 1939 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని అక్లింగ్టన్‌లో మళ్లీ పుట్టింది. అప్పట్లో దాని చేతిలో ఉన్నవి గ్లాడియేటర్ బైప్లేన్లు (రెండంతస్తుల రెక్కల విమానాలు). 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి, జూలైలో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కు మారింది. పోర్ట్‌ల్యాండ్ నౌకాస్థావరాన్ని కాపాడే పని దానిది. తర్వాత బర్మా దాకా వెళ్లింది.

మన ఊరి పేరుతో ఇలాంటి స్క్వాడ్రన్లు మూడున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బుతో డీహెచ్ 9ఏ బాంబర్లు కొనుక్కున్న 110వ స్క్వాడ్రన్ ఒకటి. ఈ 152 రెండోది. హరికేన్ ఫైటర్లు నడిపిన 253 మూడోది, దాని పేరు హైదరాబాద్ స్టేట్. ఆ డీహెచ్ 9ఏల్లో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. ఇప్పుడది లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మ్యూజియంలో ఉంది. దాని ఒంటి మీద నిజాం బహూకరించినట్టు రాత, హైదరాబాద్ నంబర్ 12ఏ అన్న పేరు చదవొచ్చు. దాత పేరు నిజాందే. సంస్థానం ఖజానాకు శిస్తు కట్టింది మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడ రైతులు. ఈ సంగతి తెలిశాక, ఈ మూడింటినీ ఒకే కొలతలో, ఒకే అరలో పక్కపక్కన పెట్టాలని నిర్ణయించుకున్నాను. స్పిట్‌ఫైర్‌తో మొదలైంది.

1/72 ఎంచుకున్నది అందుకే. ఈ కొలతలో నిజం విమానంలోని ఆరు అడుగులు మోడల్‌లో ఒక అంగుళం. అంటే ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుంటాడు. బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ 1936లో పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది ఈ కొలతలోనే. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 72తో భాగిస్తే 15.6 సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. 1/48లో జపాన్ కంపెనీ టామియా 2018లో తెచ్చిన మార్క్ 1 చాలా గొప్ప కిట్. కానీ ఆ కొలతలో ఒక్క స్పిట్‌ఫైరే 23 సెంటీమీటర్ల పైన ఉంటుంది. దాని పక్కన బాంబరు కూడా పెట్టాలంటే మా ఇంట్లో అర చాలదు.

ఎయిర్‌ఫిక్స్ కథ నాకు ఇష్టం. 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరియన్ లండన్‌లో గాలి ఊదే రబ్బరు బొమ్మలతో మొదలుపెట్టాడు. తర్వాత దువ్వెనలు చేశాడు. 1949లో ఫెర్గూసన్ కంపెనీ కోసం ఒక ట్రాక్టరు బొమ్మ చేశాడు. 1952లో గోల్డెన్ హైండ్ ఓడను విడిభాగాలుగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వుల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మారు. ఆ తర్వాత చేసిన మొదటి విమానం స్పిట్‌ఫైరే. 1981లో కంపెనీ దివాలా తీసి చేతులు మారుతూ వచ్చింది. 2006 నుంచి హార్న్‌బీ దగ్గర ఉంది. కొన్నేళ్లపాటు ఆ పెట్టెల మీద తయారీ భారత్‌లో అని ఉండేది. నా దగ్గరున్నది ఆ కాలపు పెట్టె. హైదరాబాద్ పేరున్న స్క్వాడ్రన్‌కు మన దేశంలో అచ్చుపోసిన ప్లాస్టిక్ దొరికినందుకు చాలా సంతోషించాను.

ఇక పనిలోకి.

మొదటి రోజు చేయాల్సింది కడగడమే. అచ్చులోంచి వచ్చిన నూనె పొర స్ప్రూల (విడిభాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల) మీద ఉంటే రంగు పట్టదు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, రాత్రంతా ఆరబెట్టాను. భాగాలను తుంచకూడదు. సైడ్ కట్టర్‌తో కొంచెం దూరంగా కోసి, మిగిలిన మొటికను మెడికల్ షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడుతో చెక్కాలి. ఆ తర్వాత హార్డ్‌వేర్ షాపు వాటర్ పేపరు: 400, 800, చివర 2000. తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

కాక్‌పిట్‌కు (పైలట్ కూర్చునే చోటు) హంబ్రోల్ కంపెనీ 78 నంబరు రంగు, బ్రష్‌తోనే. ఇక్కడే నా తప్పు జరిగింది. కాక్‌పిట్ నేల భాగాన్ని పొడిగా అమర్చి చూసుకోకుండా జిగురు పెట్టేశాను. అది అర మిల్లీమీటరు పైకి కూర్చుంది. దాంతో ఫ్యూజలేజ్ (విమానం మొండెం) రెండు సగాలు మూసుకోలేదు. గట్టిగా నొక్కి మూస్తే రెక్క మొదలు దగ్గర సందు తేలింది. మళ్లీ విడదీసి, నేల అంచుల్ని అరగదీసి అమర్చేసరికి రెండు సాయంత్రాలు పోయాయి. రెక్క, పొట్ట, కాక్‌పిట్ మూడూ జిగురు లేకుండా టేపుతో కట్టి చూశాకే జిగురు సీసా మూత తీయాలి.

జిగురు విషయం. పల్చటి ప్లాస్టిక్ సిమెంటు రెండు భాగాల అతుకు మీద బ్రష్ కొన తాకిస్తే చాలు, తనంతట తనే లోపలికి పాకుతుంది. అప్పుడు వేలు అతుకు మీద ఉండకూడదు. ఉంటే వేలిముద్ర ప్లాస్టిక్‌లో దిగిపోతుంది. ఫెవిక్విక్ లాంటి జిగుర్లను గాజు భాగాల దగ్గరికి రానివ్వొద్దు, వాటి ఆవిరికి కానోపీ తెల్లగా మసకబారుతుంది. కానోపీకి నేను వాడింది మామూలు ఫెవికాల్. అగ్గిపుల్ల కొనతో అంచుకు సన్నగా రాసి, తడి గుడ్డతో ఎక్కువైనది తుడిస్తే సరిపోతుంది.

స్పిట్‌ఫైర్ రెక్కలు కొసల వైపు ఆరు డిగ్రీలు పైకి లేస్తాయి. అది తప్పితే విమానం ముఖమే మారిపోతుంది. చెప్పుల పెట్టె అట్టను ఆరు డిగ్రీల కోణంలో రెండు ముక్కలు కోసి, రెక్కల కింద పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున మా అమ్మాయి తిప్పి చూసి, "నాన్నా, కుడిరెక్క కింద పెద్ద పెట్టె ఉంది, ఎడమవైపు సన్నగా ఉంది. తప్పు ముక్క అంటించావా?" అంది. మార్క్ 1లో నిజంగా అలాగే ఉంటుంది. కుడివైపున్నది ఇంజను నీళ్లు చల్లబరిచే రేడియేటరు, ఎడమవైపున్నది ఆయిల్ కూలర్. మార్క్ 9 లాంటి తర్వాతి మార్కుల్లో రెండూ ఒకే పరిమాణానికి వచ్చాయి. మా అమ్మాయి కన్ను పడ్డ తేడాలోంచే మోడల్ చేసేవాళ్లు మార్కును గుర్తుపడతారు.

తోక చక్రం మీద కూర్చునే విమానం కాబట్టి ముక్కులో బరువు పెట్టే అవసరం లేదు.

రంగుల దగ్గర డబ్బు ఆదా చేయబోయి దెబ్బ తిన్నాను. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ తెచ్చి, స్ప్రూ ముక్క మీద చుక్క వేసి చూశాను. రెండు నిమిషాల్లో ప్లాస్టిక్ మెత్తబడి జిడ్డు కట్టింది. అది కార్లకు, చెక్కకు సరే, పాలిస్టైరిన్‌ను తినేస్తుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కడగడానికి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ సీసా ఇప్పుడు ఆ పనికే. రంగులో కలపడానికి టామియా థిన్నర్ ఎక్స్ 20ఏ. ఇన్సులిన్ సిరంజీతో కొలిచి, రంగు ఒక వంతు, థిన్నర్ ఒకటిన్నర వంతు. గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ.

పొట్టకు స్కై అనే లేత ఆకుపచ్చ ఛాయ, అంటే టామియా ఎక్స్‌ఎఫ్ 21. 1940 జూన్‌కు ముందు ఫైటర్ల పొట్ట సగం నలుపు, సగం తెలుపు ఉండేది. ఆ నెలలో స్కై వాడమని ఆజ్ఞ వచ్చింది, కానీ ఆ రంగు అన్ని స్థావరాలకూ చాలలేదు. దగ్గరున్నవి కలిపి వేసుకున్నవాళ్లున్నారు. అందుకే ఆ వేసవి విమానాల పొట్టల ఛాయ మీద వాదించుకోవడంలో నాకు ఆసక్తి లేదు. పైన మట్టి రంగు ఎక్స్‌ఎఫ్ 52, దాని మీద ఆకుపచ్చ ఎక్స్‌ఎఫ్ 81. మచ్చల అంచుకు పోస్టర్లు గోడకు అంటించే నీలం పుట్టీని సన్నటి జంతికలా చేత్తో చుట్టి, గీసుకున్న గీత వెంట పరిచాను. మిగతాది మాస్కింగ్ టేపుతో కప్పాను. ఎయిర్‌బ్రష్ నిటారుగా పట్టుకుంటే అంచు కాస్త మెత్తగా, గీత మాత్రం స్పష్టంగా వస్తుంది. తీసి చూసినప్పుడు గుండె నిండిపోయింది.

వానాకాలం మన శత్రువు. గాలిలో తేమ ఉన్న సాయంత్రం మెరుపు వార్నిష్ కొడితే పాలు ఒలికినట్టు తెల్లబడింది. మరుసటి రోజు ఎండ కాశాక అదే వార్నిష్ ఇంకాస్త పల్చగా కొడితే ఆ తెలుపు కరిగిపోయింది. అప్పటినుంచి వాన రోజున సీసా తెరవడం లేదు.

మెరుపు పొర వేయాల్సిందే. గరుకు రంగు మీద డెకల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తు) పెడితే కింద గాలి చిక్కి వెండి పొరలా మెరుస్తుంది. డెకల్‌ను గోరువెచ్చటి నీళ్లలో ఇరవై సెకన్లు ముంచి, తీసి తడి గుడ్డ మీద ఒక నిమిషం ఉంచాలి. కింద డెకల్ అంటుకోవడానికి మైక్రో సెట్ ద్రవం, కుదిరాక పైన దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్. సోల్ తగలగానే డెకల్ ముడతలు పడుతుంది. అప్పుడు ముట్టుకోకూడదు. గంట తర్వాత ప్యానెల్ గీతల్లోకి దిగి రంగు వేసినట్టే కనిపిస్తుంది. రెక్కల పైన రౌండెళ్లలో ఎరుపు, నీలం మాత్రమే ఉంటాయి. తెలుపు ఉంటే పైనుంచి శత్రువుకు తెలిసిపోతుంది. పక్కలకు మాత్రం తెలుపుతో పాటు చుట్టూ పసుపు వలయం కూడా.

152వ స్క్వాడ్రన్ కోడు అక్షరాలు యు, ఎం. వాటిని వేరే అక్షరాల షీటు నుంచి, మీడియం సీ గ్రే రంగువి, ఒక్కోటి విడిగా కోసి పెట్టాను. రౌండెల్‌కు రెండు వైపులా ఎత్తు సమానంగా రావడానికి టేపు గీత ఆధారం చేసుకున్నాను. సీరియల్ నంబరు చోటు ఖాళీగానే ఉంచాను. అక్షరాలు, నంబరు రెండూ ఒకే విమానం మీద కనిపించే ఫొటో ఎదురుగా పెట్టుకున్నాకే అది అతికిస్తాను. ఊహించిన నంబరు వేస్తే అది ఎప్పుడూ ఎగరని విమానం అవుతుంది.

యాంటెన్నా తీగ కోసం స్ప్రూ ముక్కను కొవ్వొత్తి మంటకు రెండు వేళ్ల ఎత్తులో తిప్పుతూ, మెరుపెక్కి వంగడం మొదలవగానే పక్కకు తీసి రెండు చేతులతో లాగాను. ఆరేడు సార్లకు ఒకటి వెంట్రుకంత సన్నగా కుదిరింది. దాన్ని పుస్తకం మధ్య దాచాను.

253వ స్క్వాడ్రన్ కోసం పోలాండ్ కంపెనీ ఆర్మా హాబీ వారి 1/72 హరికేన్ తెప్పించాను, పెట్టె ఇంకా తెరవలేదు. మంగళవారం ఎండ ఉంటే స్పిట్‌ఫైర్‌కు మాట్ కోటింగు వేస్తాను.