కిలో కూడా లేని బ్యాగు

నిన్న సాయంత్రం కొత్త బ్యాగు వేసుకుని రామతీర్థం కొండ మెట్లు ఎక్కి దిగాను. లోపల పది లీటర్ల నీళ్లు, ఒక తాడు. భుజాలు లాగలేదు. ఎంత సంతోషమేసిందో!

పోయినేడాది ఉత్తరాఖండ్ మంచుకొండల్లో శిక్షణకి 65 లీటర్ల ట్రెకింగ్ బ్యాగు తీసుకెళ్లాను. ఖాళీగానే రెండున్నర కిలోలు. నడిచినంతసేపూ బాగానే ఉంది. హార్నెస్ (తాడుకి తగిలించుకోడానికి నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) కట్టుకుని మంచు గోడ ఎక్కడం మొదలుపెట్టాకే అసలు టెన్షన్. మందపాటి నడుము బెల్టు హార్నెస్‌కి తగిలించిన క్యారాబైనర్లని, అంటే తాడు తగిలించే లోహపు కొక్కేలని, కప్పేసింది. ఒక్కటి తీయడానికి గ్లౌజు చేత్తో ఎంతసేపు తడుముకున్నానో. తలెత్తి పైకి చూద్దామంటే హెల్మెట్ వెళ్లి బ్యాగు మూతకి కొట్టుకునేది.

కొత్తది 35 లీటర్లు. మూత, నడుము బెల్టు రెండూ ఊడదీయొచ్చు. వెనకున్న ఫోమ్ షీటు లాగి మంచు మీద వేసుకుని కూర్చోవచ్చు. కానీ గుడ్డ పల్చన, మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే క్రాంపాన్ల పళ్లు తగిలితే చిరిగిపోతుంది. అందుకే విజయనగరం గంటస్తంభం దగ్గర బ్యాగులు కుట్టే తాతగారితో క్రాంపాన్లకి రెగ్జిన్ సంచీ కుట్టించాను. ఆయన బ్యాగుని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంత పల్చన గుడ్డ మంచులో ఆగుతాదా బాబూ?" అన్నారు. నేను అడగకుండానే సంచీ అడుగున రెండో పొర వేసి, నైలాన్ దారంతో రెండుసార్లు కుట్టారు.

మే నెలలో మళ్లీ వెళ్తున్నాను. తిరిగొచ్చాక ఆ సంచీ ముందు ఆయనకే చూపిస్తాను.